ఫోటోనిక్ క్రిస్టల్ డీమక్స్: ఎవరికైనా సరిగ్గా పనిచేసిందా?

సన్నవెలుగు: ఫోటోనిక్ క్రిస్టల్‌లో (వరసగా చిల్లులు పొడిచిన సిలికాన్ పలకలో) డీమక్స్ చేయాలి, అంటే కలిసి వచ్చే వేవ్‌లెంగ్త్‌లను విడదీసేది. 1550 నానోమీటర్ల దగ్గర నాలుగు ఛానెళ్లు, మధ్య ఎడం 0.8 నానోమీటర్లు. చిప్ మీద వంద మైక్రాన్ల చోటే ఉంది. సూపర్‌ప్రిజమా (ఒక్కో వేవ్‌లెంగ్త్‌ను ఒక్కో దిక్కుకు బాగా వంచే క్రిస్టల్), కేవిటీలా (ఒక్కో వేవ్‌లెంగ్త్‌ను పట్టి ఉంచే చోట్లు)? 2డీ సిమ్యులేషన్ సరిపోతుందా? ఫైబర్ నుంచి లోపలికి ఎలా తెస్తున్నారు?

చిల్లులలెక్క: సూపర్‌ప్రిజం జోలికి పోకండి. 1998లో కొసాకా బృందం మామూలు ప్రిజం కన్నా 500 రెట్లు ఎక్కువ విడదీసి చూపించింది, నిజమే. కానీ సన్నటి బీమ్ పోనుపోనూ విప్పారి పక్క ఛానెల్ మీద పడుతుంది. బీమ్ వెడల్పు చేస్తే మీ వంద మైక్రాన్లు చాలవు. నాకు ఏడాది పోయింది అక్కడే.

రాత్రిషిఫ్ట్: కేవిటీలే. అయితే మా మొదటి చిప్‌లో నాలుగు ఛానెళ్లూ 6 నానోమీటర్లు నీలం వైపు (తక్కువ వేవ్‌లెంగ్త్ వైపు) జరిగిపోయాయి. ఎస్‌ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) కింద పెట్టి చూస్తే 120 నానోమీటర్లు ఉండాల్సిన హోల్ రేడియస్ 122 ఉంది. అంతే తేడా! ఆ ఫొటో చూసి ఏడుపొక్కటే తక్కువ.

వేడిగాలి: హీటర్ పెడితే సరి. సిలికాన్‌లో డిగ్రీకి 0.08 నానోమీటర్లు ఎరుపు వైపు వస్తుంది.

రాత్రిషిఫ్ట్: అంటే 75 డిగ్రీలు వేడెక్కించాలి! నాలుగు కేవిటీలూ ఒకే పల్చటి పలక మీద ఉన్నాయి, ఒకదాన్ని కాస్త కదిపితే పక్కది కదులుతోంది. చేసి చూశాకే చెబుతున్నా.

వేడిగాలి: వేడి పక్కకు పాకకుండా మధ్యలో గాడి కొట్టలేదా? గాడి కొట్టకుండా హీటర్‌ని తిట్టడమేంటి?

రాత్రిషిఫ్ట్: వంద మైక్రాన్లలో గాడులకు చోటెక్కడ? ప్రశ్న చదివే రాస్తున్నారా?

పాతకాపు: పదిహేనేళ్లుగా ఇదే పని నాది. ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. గైడ్ (వెలుగు నడిచే దారి) పక్కన ఒంటరి కేవిటీ పెట్టి వెలుగు దించుకుంటే సగానికి మించి దిగదు. కేవిటీ దాటాక ల్యాటిస్ (చిల్లుల మధ్య దూరం) కాస్త మార్చితే ఆ వేవ్‌లెంగ్త్ ముందుకు పోలేక వెనక్కి తిరుగుతుంది. వెళ్లే అల, తిరిగొచ్చే అల ఫేజ్ కుదిరితే దాదాపు మొత్తం దిగుతుంది. 2003లో నోడా బృందం సైన్స్ పత్రికలో వేసింది ఇదే. ల్యాటిస్ 1.25 నానోమీటర్ల చొప్పున మార్చితే ఛానెళ్ల మధ్య దాదాపు 5 నానోమీటర్లు వచ్చాయి.

చిల్లులలెక్క: ఆ లెక్కన 0.8కి ల్యాటిస్ 0.2 మార్చాలి. రెండు సిలికాన్ అణువుల మధ్య దూరం కన్నా తక్కువ సార్ అది! ఏ మెషీన్ రాస్తుంది?

పాతకాపు: ఒక్కో హోల్ కాదయ్యా, వందల హోల్స్ సగటు. సగటు కుదురుతుంది.

రాత్రిషిఫ్ట్: సగటు కుదిరినా కేవిటీ చుట్టూ ఉన్న నాలుగు హోల్స్ తేడా వస్తే ఛానెల్ పోయినట్టే. సగటు దాన్ని కాపాడదు.

సన్నవెలుగు: ఫైబర్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు...

చిల్లులలెక్క: ఫైబర్‌లో వెలుగు మచ్చ పది మైక్రాన్లు, మీ గైడ్ అర మైక్రాన్. ముందు గ్రేటింగ్ కప్లర్‌తో (ఫైబర్ వెలుగును చిప్‌లోకి తిప్పే గీతల వరస) మామూలు సిలికాన్ గైడ్‌లోకి దించి, అక్కణ్ణుంచి క్రిస్టల్‌లోకి తీసుకెళ్లండి. 2డీని మాత్రం నమ్మొద్దు, పైకి కారిపోయే వెలుగు దానికి కనపడదు.

వేడిగాలి: గాడి వెడల్పు రెండు మైక్రాన్లు చాలు. రేపు లేఅవుట్ పెడతా, చోటు సరిపోతుందో లేదో మీరే కొలుచుకోండి.