పేనుకొరుకుడు మచ్చలో తెల్లగా మొలిచిన జుట్టుకు రంగు వేయాలా, ఆగాలా?

రాజమహేంద్రవరం నుంచి ఒక తల్లి:
డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయికి చెవి పైభాగంలోనూ తల వెనుకవైపునా రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడిపోయింది. చర్మవైద్యులు పేనుకొరుకుడని చెప్పి, మచ్చల్లోకి ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తున్నారు. ఇప్పుడు నూగు వెంట్రుకలు మొలిచాయి గానీ అవన్నీ తెల్లగా ఉన్నాయి. మందు వికటించిందని, ఇంజెక్షన్లు మాన్పించి గురివింద గింజ అరగదీసి రాయమని మా అత్తగారు అంటున్నారు. అమ్మాయేమో, వచ్చే నెలలో వాళ్ల అన్నయ్య పెళ్లి ఉంది కనుక, నల్ల రంగు వేసుకుంటానని పట్టుబడుతోంది. వేసుకోనివ్వవచ్చా?

వరంగల్ నుంచి ఒక బ్యూటీషియన్:
వేసుకోనివ్వండి అమ్మా. చర్మం పైకి వచ్చిన వెంట్రుకలో ప్రాణం ఉండదు. రంగు పట్టేది ఆ కాడకే గానీ లోపలి కుదురుకు కాదు. ఆగమని సలహా ఇవ్వడం మనకు సులువే. పెళ్లిపందిట్లో వచ్చిన ప్రతి బంధువూ జడ పక్కకు తొలగించి చూసి "అయ్యో, ఇంత చిన్న వయసులోనా" అంటుంటే భరించాల్సింది ఆ పిల్ల.

హైదరాబాద్ నుంచి, చిన్నప్పటి నుంచీ పేనుకొరుకుడు ఉన్న వ్యక్తి:
ముందు అత్తగారి మాట సంగతి చూద్దాం, ఎందుకంటే ప్రమాదం అక్కడే ఎక్కువ. గురివింద గింజలో అబ్రిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. పైపెంకు గట్టిగా ఉన్నంతవరకు అది లోపలే ఉండిపోతుంది, అరగదీస్తే బయటపడుతుంది. సూది గుచ్చిన చర్మం మీద దాన్ని రుద్దే ఆలోచన దయచేసి మానండి.

తెల్ల వెంట్రుకలు మందు వికటించిందనడానికి గుర్తు కాదు, జుట్టు తిరిగి వస్తోందనడానికి గుర్తు. ఈ జబ్బులో మన రోగనిరోధక కణాలే ఎదుగుతున్న వెంట్రుక కుదురు మీద దాడి చేస్తాయి, అందులోనూ రంగున్న వెంట్రుకలనే ఎక్కువగా ఎంచుకుంటాయి. 1793లో మరణశిక్షకు ముందు ఫ్రాన్స్ రాణి మరీ ఆంత్వానెత్ జుట్టు రాత్రికి రాత్రే తెల్లబడిందని చెప్పుకొనే కథకు వైద్యులు ఇచ్చే వివరణల్లో ఒకటి ఇదే: మొలిచిన వెంట్రుక దానంతటది రంగు మారదు, నల్లవి ఒక్కసారిగా రాలిపోతే అప్పటికే ఉన్న తెల్లవి బయటపడతాయి. దాడి తగ్గినప్పుడు, నాశనం కాకుండా మిగిలిన మూలకణాల నుంచి వెంట్రుక మళ్లీ మొలుస్తుంది గానీ, రంగునిచ్చే కణాలు కోలుకోవడానికి ఇంకొంత కాలం పడుతుంది. అందుకే మొదట సన్నగా, తెల్లగా వచ్చి, చాలామందిలో ఆ తర్వాత నల్లబడుతుంది. కొందరిలో తెల్లగానే ఉండిపోతుందన్నదీ నిజమే, ఆ మాట దాచడం మీ అమ్మాయికి మేలు చేయదు.

నేను ఆగమనడానికి అసలు కారణం ఇదే. కిటికీ దగ్గర పగటి వెలుతురులో ఒక్కో వెంట్రుకను చివర నుంచి మొదలు దాకా చూడండి. రంగు తిరిగి వస్తున్న వెంట్రుకకు కొస తెల్లగా, మొదలు నల్లగా ఉంటుంది. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, ఆ నలుపు ఎంత పొడవుందో చూస్తే రంగు ఎప్పుడు తిరగడం మొదలైందో తెలిసిపోతుంది. నా చెవి వెనుక మచ్చలో అలాంటి వెంట్రుకలు మొదటిసారి కనిపించినప్పుడు, మా వైద్యురాలు చర్మాన్ని పెద్దదిగా చూపే డెర్మోస్కోపులో చూసి, తర్వాతి ఇంజెక్షన్ వాయిదా వేశారు. మొదలంటా రంగు పూస్తే ఆ గుర్తు మీకూ కనిపించదు, వైద్యులకూ కనిపించదు.

ఇక చర్మం సంగతి. నల్ల రంగుల్లో చాలావాటిలో పారాఫినైలిన్ డయమిన్ ఉంటుంది, "నల్ల హెన్నా" పేరుతో అమ్మే పొడుల్లో కూడా ఉంటుంది. అది పడనివారికి తలంతా ఎర్రబడి, వాచి, రసి కారుతుంది. ఆ పుండ్ల మధ్య జబ్బు తిరగబెట్టిందా, రంగు పడలేదా అన్నది తేల్చడమే కష్టం.

వరంగల్ నుంచి బ్యూటీషియన్:
మొదలు నల్లబడుతుందో లేదో చూడాలన్న మాట నాకు సబబుగానే తోచింది, ఇన్నేళ్ల పనిలో అలా ఎవరూ చెప్పలేదు. అయితే ఆ గుర్తు కోసం పిల్ల ఎంతకాలం తల దాచుకు తిరగాలి? చెవి వెనుక కొంచెం రంగు రాసి 48 గంటలు చూశాక, ఏమీ కాకపోతే వేసుకోవచ్చు కదా. వైద్యం పెద్దవాళ్లు నిర్ణయించినా, తల ఎలా కనిపించాలన్నది ఆమె ఇష్టం.

హైదరాబాద్ నుంచి:
ఆమె ఇష్టమే, ఆ విషయంలో మీతో నాకు పేచీ లేదు. కానీ పెళ్లికి కావలసింది రెండు రోజుల నలుపు. చర్మానికి అంటకుండా వెంట్రుకల మీద అద్ది, తలస్నానంతో పోగొట్టుకోగలిగిన నల్లపొడి దొరుకుతుంది, పాపిడి పక్కనైతే కనుబొమల పెన్సిలు చాలు. 48 గంటల పరీక్షకు నేనూ సరేనంటాను గానీ, మామూలు చర్మం మీద బాగున్న రంగు సూది మందు తీసుకుంటున్న మచ్చ మీద కూడా బాగుంటుందని హామీ లేదు. డైఫెన్సిప్రోన్ పూత వాడేవారైతే రంగు జోలికే వెళ్లకూడదు, ఆ చికిత్సలో చర్మాన్ని కావాలనే దురద పుట్టేలా చేస్తారు కాబట్టి.

అమ్మా, ఆరేడు నెలలు గడిచినా మొదళ్లు తెల్లగానే ఉంటే, కొత్త మచ్చలేవీ లేకుంటే, అప్పుడు వైద్యుల్ని అడిగి రంగు వేయించండి, నేను అడ్డు చెప్పను. ఆ లోపు మరోసారి వెళ్లినప్పుడు థైరాయిడ్ పరీక్ష అవసరమేమో అడగండి, ఈ జబ్బు ఉన్నవారిలో థైరాయిడ్ సమస్య కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. మచ్చ కింది చర్మం కూడా తెల్లబడిందా అన్నది తప్పక చూపించండి. అలా ఉంటే అది బొల్లి కావచ్చు, దాని వైద్యం వేరు.

రాజమహేంద్రవరం నుంచి తల్లి:
చర్మం మామూలుగానే ఉంది. ఇప్పుడే అమ్మాయిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి చూశాను. తల వెనుక మచ్చలో అన్నీ తెల్లవే. చెవి పైన మాత్రం రెండుమూడు వెంట్రుకల మొదట్లో నలుపు కనిపిస్తోంది. పెళ్లికి పొడి చాలునని తనే అంది. గురివింద గింజల పొట్లం మా అత్తగారి చేతి నుంచి తీసుకోవడమే ఇంకా మిగిలింది.