సమస్యాపూరణం: ‘మీసములవాడె పడతిగ మెరిసె నౌర’

నిర్వాహకుడు: ఈ వారం ఛందస్సు తేటగీతి. చివరి పాదం పైనే ఉంది, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. షరతు ఒక్కటే, పద్యంలో మన కాలపు చిత్రకారుడి జాడగానీ, అతనికి ప్రేరణ ఇచ్చినదాని జాడగానీ కనిపించాలి. నల్లగొండ, పాలమూరు కవులు ముందు రాయాలని మనవి. హైదరాబాదోళ్లకు తీరిక ఎప్పుడూ ఉంటది.

మూసీ ఒడ్డు:
ఊరి భాగోత మాడిన యొక్క రాత్రి
పసుపు కుంకుమ మెరుపుల బాలు డరయ
చీర కుచ్చెళ్ళు సవరించి చిందులాడి
మీసములవాడె పడతిగ మెరిసె నౌర!

నిర్వాహకుడు: బాగున్నది. ఆ బాలుడు చిత్రకారుడు తోట వైకుంఠం అని చెప్పకుండానే తెలుస్తున్నది. 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిండు. బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర చదివి వచ్చినా, ఆయన కుంచెకు దారి చూపింది చిన్నప్పుడు ఊళ్లకొచ్చిన నాటక మేళాలే. వాటిల్లో ఆడవేషాలు కట్టింది మగవాళ్లు. ఇప్పుడు ఆయన బొమ్మ చూసి ‘అచ్చం తెలంగాణ ఆడబిడ్డ’ అంటాం. ఆ రూపాయంత బొట్టు, నిగనిగలాడే నల్లటి ఒళ్లు, చీర ఎరుపు ముందు రంగస్థలం మీద పూసుకున్నవి, తర్వాతే గుడ్డ మీదికొచ్చినయి. ఈ సమస్య ఇచ్చిందే అందుకు.

పాలమూరు పద్యం: అన్నా, ఒక సందేహం. వేషం కట్టేటోడు మీసం గీసుకుంటడు కదా? ‘మీసములవాడె’ ఎట్ల కుదురుతది?

మూసీ ఒడ్డు: పొద్దున చూస్తే మీసాలోడే, తమ్ముడూ. మీసం పోయినా మీసాలోడన్న పేరు పోదు.

పాలమూరు పద్యం: సరే, ఒప్పుకుంటున్న. నాది చూడండి.
కల్లు తాగిన మత్తులో గనులు చెదరి
గోడ బొమ్మను గనుచును గుటక వేసి
విరగబడి నవ్వి యొక్కడు వినగ ననియె
‘మీసములవాడె పడతిగ మెరిసె నౌర!’

నిర్వాహకుడు: గణాలు, యతులు శుద్ధం. కానీ తాగినోడు అన్నడు, కలలో కనిపించింది, పిచ్చోడు పలికిండు అంటూ దాటేస్తే సమస్య సమస్యలాగే ఉంటది. గోడ మీద బొమ్మ ఉన్నదన్నవు, అది ఎవరి బొమ్మ? ‘గుటక వేసి’ మాత్రం నాకు నచ్చింది.

కృష్ణా గట్టు:
విరటు కొలువున నరుడట వేషమేసి
యుత్తరకు నాట్యమును నేర్ప చిత్రముగను
వాలుజడ యూగ నందెలు వలపు గులుక
మీసములవాడె పడతిగ మెరిసె నౌర!

నిర్వాహకుడు: బృహన్నల వస్తదని అనుకుంటూనే ఉన్న. ‘చిత్రముగను’ అన్నంత మాత్రాన చిత్రకారుడు వచ్చినట్టు కాదు సార్! రెండో పాదంలో యతి కూడా తప్పింది.

కృష్ణా గట్టు: ఉత్త, చిత్ర. ప్రాసయతి వేసిన, రెండో అక్షరాలు కలిపిన.

నిర్వాహకుడు: ‘త్త’కు ‘త్ర’ చెల్లదు. ‘నేర్ప నొప్పిదముగ’ అంటే ఉకారానికి ఒకారం కుదిరి యతి నిలబడతది. మొదటి పాదంలో ‘వేషమేసి’ మాటల్లో సరే గానీ, ఇంత గ్రాంథికం నడుమ ఎగుడుదిగుడుగా ఉంది.

డిండి వాగు:
పటము విప్పిన కథకుడు పాత్ర యగుచు
తల్లివలె నేడ్చె మార్కండు దలచి దలచి
యెర్ర నేలపై రూపము లెదురు నిలువ
మీసములవాడె పడతిగ మెరిసె నౌర!

ఇది చేర్యాల నకాషీ పటం. ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద కలిపి పూత పూస్తరు. ఆరినంక కథ గీసి ఎర్రటి నేల, అంటే బొమ్మల వెనక రంగు, కడతరు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం అట్లనే చెప్తరు. సిద్దిపేట కాపు రాజయ్య (1925–2012) ఈ నకాషీ బాటనే పట్టి పల్లె బతుకును గీసిండు.

నిర్వాహకుడు: ఈ వారానికి నాకు ఇదే నచ్చింది. ‘దలచి దలచి’ దగ్గర ఏడుపు వినిపిస్తున్నది. అయితే ఏడ్చే తల్లి ‘మెరిసె’ అంటే అన్వయం కుంటుతున్నది. మూడో పాదం ‘నూనె దీపపు వెలుగులో నుదురు తడియ’ అంటే మెరుపుకు కారణం దొరుకుతది.

డిండి వాగు: దొరుకుతది, కాదనను. కానీ ఎర్ర నేల పోతే అది చేర్యాల పటమే కాదు. నేను మార్చను సార్.

నిర్వాహకుడు: మీ ఇష్టం. కవి హక్కు.

గుంటమగ్గం: అందరూ కరీంనగర్, సిద్దిపేట అంటున్నరు. నల్లగొండోళ్లను ముందు రాయమన్నరు, మరి మన ఏలె లక్ష్మణ్ సంగతేంది? పాత నల్లగొండ జిల్లా కదిరేనిగూడెం, నేతన్నల ఇల్లు. 2014లో తెలంగాణ రాజముద్ర గీసిందాయనే, కాకతీయ తోరణం నడుమ చార్మినార్ నిలబెట్టిండు. ఊరి ముసలోళ్ల ముఖాలు గీస్తే ముడతలు దారాల్లెక్క కనబడతయి. గిట్ల ఒక్క వైకుంఠం కోసమే కొలిచి కుట్టిన సమస్య ఇస్తే ఆయన్ను ఏ పాదంల కూర్చోబెట్టాలె?

నిర్వాహకుడు: ఫిర్యాదు న్యాయమైనదే. అయితే వచ్చేవారం సమస్య నువ్వే ఇయ్యి.

గుంటమగ్గం: ఇస్తున్న, రాసుకోండ్రి. ఆటవెలది, నాలుగో పాదం:
‘నేతలేని చీర నేల నేలె’

పాలమూరు పద్యం: దీనికి కల్లు పనికిరాదు గదా?

నిర్వాహకుడు: రాదు.