గైయా ఉండగా పసి నక్షత్రాలకు రేడియో కొలతలు దేనికి?

నిశాచరి
సూటిగానే అడుగుతున్నాను. 2013 చివర్లో బయలుదేరిన గైయా ఉపగ్రహం వంద కోట్లకు పైగా నక్షత్రాల పారలాక్స్ (భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే నక్షత్రం ఊగినట్టు కనబడే కోణం, దూరం తేలేది దాన్నుంచే) కొలిచి జాబితా చేతిలో పెట్టింది. రేడియో టెలిస్కోపుల వాళ్లేమో ఒక్క నక్షత్రం వెంట రెండేళ్లు పడి ఒక్క సంఖ్య తెస్తారు. ఆ టెలిస్కోపు సమయాన్ని వేరే పనికి ఇవ్వకూడదా?

ధూళిమేఘం
గైయా చూసింది కంటికి కనబడే కాంతి, దాని అంచుల్లో మరికొంచెం. నక్షత్రాలు పుట్టేదేమో దట్టమైన ధూళి లోపల. వృషభ రాశిలోని టి టౌరి కుటుంబంలో దక్షిణపు జంట మామూలు కాంతిలో అసలు కనబడదు. ఆ జంటలో ఒకదాన్ని 2003 సెప్టెంబరు నుంచి 2005 జులై దాకా వీఎల్‌బీఏతో 12 సార్లు చూశారు. అది హవాయి నుంచి కరీబియన్ దీవుల దాకా పరచిన పది డిష్‌ల వరుస.

ఆ పని ఎలా సాగుతుందో చూడండి. ప్రతి డిష్ పక్కన ఒక పరమాణు గడియారం ఉంటుంది. డిష్ కొద్ది నిమిషాలు నక్షత్రాన్ని, కొద్ది నిమిషాలు ఆకాశంలో దాని పక్కన కనబడే క్వేజార్‌ను (ఎక్కడో సుదూర గెలాక్సీ నడుమ వెలిగే చుక్కను), మళ్లీ నక్షత్రాన్ని చూస్తూ గంటల తరబడి మెడ తిప్పుతూనే ఉండాలి. గాలిలోని నీటి ఆవిరి సంకేతాన్ని చెదరగొడుతుంది కాబట్టి, కదలని క్వేజార్‌ను చూసి ఆ చెదురును సరిదిద్దుకుంటారు. డిస్కుల్లో నింపిన సంకేతాలను ఒకచోటికి చేర్చి కలిపితే ఆకాశంలో ఒక్క చుక్క వస్తుంది. అలాంటి 12 చుక్కల్లోంచి భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల వచ్చే ఊగిసలాటను, నక్షత్రం సొంత నడకను, జంట తారతో తిరిగే వంపును విడదీశారు. దూరం 147.6 పార్సెకులని తేలింది, అటూ ఇటూ 0.6. అంటే సుమారు 480 కాంతి సంవత్సరాలు. అంతకుముందు హిప్పార్కస్ ఉపగ్రహం చెప్పింది 177. అదీ పైకి 68, కిందికి 39 తేడాతో!

లెక్కలమాస్టారు
శ్రమ గొప్పదే, కాదనను. కానీ అదే కుటుంబంలో కనబడే ఉత్తరపు నక్షత్రానికి గైయా ఇచ్చిన దూరం కూడా సుమారు 145. పక్కింటి చిరునామా దొరికాక ఈ ఇంటికి వేరే దారి వెతకడమెందుకు?

ఇక ఓరియన్ నీహారిక సంగతి. 2007లో ఒక రేడియో బృందం 414 పార్సెకులు, తేడా 7 అంది. అదే ఏడాది మరో బృందం 389 అంది. 2017లో 388, తేడా 5 అన్నారు. గైయా లెక్కలు కూడా 390, 400 వైపే మొగ్గాయి. 7 దాటదన్న తేడా 20 దాటిందంటే, ఆ 7 అనే అంకెను ఎలా నమ్మమంటారు?

ధూళిమేఘం
మాస్టారూ, ఓరియన్ విషయంలో మీదే పైచేయి. రెండో బృందం చూసింది ఒక్క నక్షత్రాన్నే. మొదటి బృందం నాలుగింటిని చూసింది. అయినా ఒంటి నక్షత్రమే నిజానికి దగ్గరగా వచ్చింది! నాకూ అది మింగుడుపడదు.

సర్ప మండలంలోని మేఘం మాటేమిటి మరి? ధూళి వెనుక తారలు ఎంత మసకబారాయో చూసి దాని దూరం 260 పార్సెకులన్నారు. 2010లో రేడియో పారలాక్స్ 415 తెచ్చింది, తర్వాత అది 436 అయింది. పాత పద్ధతి కొలిచింది ముందున్న వేరే ధూళి తెరను. దూరం 260 నుంచి 415కు మారితే నక్షత్రాల అసలు వెలుగు రెండున్నర రెట్లు పెరుగుతుంది. పసి నక్షత్రం కుంచించుకుంటూ మసకబారుతుంది కాబట్టి, వెలుగు పెరిగితే వయసు తగ్గించి రాసుకోవాలి. ఒక్క దూరం మారితే జాతకాలన్నీ మారతాయి.

కొత్తచూపు
అసలు నక్షత్రం రేడియోలో ఎందుకు వెలుగుతుంది? అన్నీ వెలుగుతాయా?

ధూళిమేఘం
లేదు. బలమైన అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్లు గిరగిరా తిరిగే తారలే ఇలా చిన్న చుక్కలా దొరుకుతాయి. అందుకే మేఘానికి కొన్నే చిక్కుతాయి.

నిశాచరి
ప్రశ్న వేసింది నేనే అయినా, వెతికితే నాకే ఎదురు సాక్ష్యం దొరికింది. కృత్తికల దూరం హిప్పార్కస్ లెక్కలో 120 పార్సెకులు. 2014లో రేడియో 136.2 అంది. తర్వాత గైయా రేడియో పక్కనే నిలిచింది. గైయాకూ ఒక మెలిక ఉంది. 2018 జాబితాలో పారలాక్స్‌లు సగటున 0.03 మిల్లీ ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3,600వ వంతు ఆర్క్ సెకను, అందులో వెయ్యో వంతు ఇది) తక్కువ పడ్డాయి. 400 పార్సెకుల దగ్గర అసలు కోణమే 2.5 కాబట్టి అది 5 పార్సెకుల తేడా. రెండో కొలబద్ద ఉండాల్సిందే.

లెక్కలమాస్టారు
సరిచూడడానికైతే మేఘానికి నాలుగైదు తారలు చాలు. దగ్గరి మేఘాల్లో మళ్లీ మళ్లీ తవ్వడం మీదే నా అభ్యంతరం. గెలాక్సీ అవతలి వైపు నీటి మేసర్‌ను (నీటి ఆవిరి నుంచి వచ్చే ఘాటైన రేడియో వెలుగును) పట్టుకుని 2017లో 20 వేల పార్సెకులు కొలిచారే, నక్షత్రాలు పుట్టే ఆ చోటికి గైయా చూపు చేరలేదు. వీఎల్‌బీఏ గంటలన్నీ అటు ఇవ్వండి, మారుమాట్లాడను.

ధూళిమేఘం
అన్నీనా? టి టౌరి జంట ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే తీరు చూడకపోతే దాని బరువు ఎవరు తూస్తారు మాస్టారూ? దానికి వేరే చర్చ మొదలుపెడతాను, రండి.