జనాభా లెక్కల నకలు: వయసులు తారుమారయ్యాయి, పేజీ అంతా మళ్లీ కొట్టాలా?

గోదారిగట్టు:
పాత జనాభా లెక్కల పేజీలు చూసి కొడుతున్నాను, మూడు గంటలుగా ఒక్క పేజీ తెమలడం లేదు. సరిచూసేవాళ్లు "వయసులు సరిపోలేదు" అని ఒక్క ముక్క రాసి వెనక్కి పంపారు. చూస్తే 14వ వరుసలో భార్యకు 9 ఏళ్లు, కింద కూతురికి 4. పైగా పుట్టిన ఊరు మచిలీపట్నం అని సరిచేసి రాస్తే దానికీ ఎర్ర గుర్తే! ఊరి పేరు సరిగ్గా రాయడం తప్పెలా అవుతుంది?

పాతకాగితం:
ఏ దేశం? ఏ సంవత్సరం? ఫైలు మీ దగ్గరే ఉందా?

గోదారిగట్టు:
ఇంగ్లండ్, 1881. ఎక్సెల్ ఫైలు, నా దగ్గరే ఉంది. ఒక్కో కాలమ్ చొప్పున పైనుంచి కిందికి కొట్టాను.

సరళరేఖ:
నిలువుగా కొట్టడమే కొంప ముంచింది. లెక్క కట్టిన గుమస్తాలు వయసుల మీద గీతలు కొట్టుకుంటూ పోయారు. ఆ గీతల కింద 14వ వరుస వయసు మీ కంట పడక, కింది వయసులన్నీ ఒక గడి పైకి జరిగి ఉంటాయి. పేజీకి 25 వరుసలు కదా, 25వ దాని వయసు ఖాళీగా ఉందేమో చూడండి. ఉంటే 14 నుంచి 24 దాకా వయసు గడులు మాత్రమే కట్ చేసి 15 దగ్గర పేస్ట్ చేయండి. కొత్త గడి ఇన్సర్ట్ చేశారో, కింద ఉన్న పేజీల వయసులన్నీ జారిపోతాయి.
ఆ ఫారంలో ఆడ, మగ అని విడిగా రాయలేదు. వయసుకే మగవాళ్లకొకటి, ఆడవాళ్లకొకటి కాలమ్ ఉంటుంది, ఏ కాలమ్‌లో పడితే అదే గుర్తు. మీ ఫైల్లో ఆడ/మగ గడి కూడా వయసుతో పాటే నింపి ఉంటే అదీ జారే ఉంటుంది. పేజీ అడుగున మగవాళ్లెందరు, ఆడవాళ్లెందరు అని మొత్తం ఉంటుంది, దానితో సరిచూడండి.
ఇంకోటి, నెలల పిల్లల వయసు 3/12 అని కొడితే ఎక్సెల్ దాన్ని తేదీ చేసేస్తుంది. ముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చుకోవాలి. ఇప్పటికే తేదీ అయిపోయినవి మళ్లీ కొట్టాల్సిందే. లిప్యంతరీకరణలో ఇవన్నీ మామూలే.

తాళపత్రం:
లిప్యంతరీకరణ కాదండీ! అది ఒక లిపిలోంచి ఇంకో లిపిలోకి మార్చడం. ఇది ప్రతిలేఖనం. ఈ తేడా తెలిస్తే మచిలీపట్నం సందేహమే రాదు. అప్పట్లో వివరాలు రాసిన ఎన్యూమరేటరు మసూలిపటం, ఈస్ట్ ఇండీస్ అని రాస్తే అక్షరం పొల్లుపోకుండా అదే రాయాలి. అతను తప్పు రాసినా ఆ తప్పే మన దగ్గరున్న ఆధారం. నేటి పేరు నోట్స్ గడిలో పెట్టండి. అలాగని అక్షరం ఆకారాన్ని తప్పుగా చదవకూడదు. పాత చేతిరాతలో జంట ఎస్‌లలో మొదటిది ఎఫ్‌లా సాగుతుంది. అది జెఫ్సీ కాదు, జెస్సీ.

సరళరేఖ:
నకలు అంటే అందరికీ తెలుస్తుంది. ప్రతిలేఖనం అని ఎవరంటారు?

తాళపత్రం:
నకలు అంటే ఫోటో తీసినా నకలే. చదివి రాసేదానికి వేరే మాట ఉండాలి.

పాతకాగితం:
గీత కింద వయసు కనబడకపోతే ఊహించి వేయొద్దు. మీ నియమాల్లో ఉన్న అనుమానపు గుర్తు పెట్టండి.

గోదారిగట్టు:
25 ఖాళీగానే ఉంది. జరిపాను, కుదిరింది. 14లో జూమ్ చేస్తే 36 కనబడింది. థాంక్సండీ. తర్వాతి పేజీ మీద ఫోలియో నంబరు (ఆకు నంబరు) లేదు, ఖాళీ వదిలేయనా?

పాతకాగితం:
వద్దు. ఆ నంబరు ముద్ర ఆకుకు ఒక్కటే, ముందు వైపు. వెనక పేజీకీ అదే నంబరు.