గేటు దగ్గర చెకింగ్ తగ్గకూడదు, వచ్చిన మనిషి చిన్నబోకూడదు. మీరెలా చేస్తున్నారు?

ప్రశ్న అడిగినవారు: ఫ్యాక్టరీ అడ్మిన్, పటాన్‌చెరు వైపు

అందరికీ నమస్కారం అండీ. ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో (మందుల ముడిసరుకు తయారుచేసేది) అడ్మిన్‌లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. గేటు, రిసెప్షన్, క్యాంటీన్, స్టాఫ్ బస్సులు అన్నీ నేనే చూసుకోవాలి. మూడు షిఫ్టులూ కలిపి 900 మంది దాకా ఉంటాం. వీళ్లు కాక రోజూ అరవై డెబ్భై మంది బయటివాళ్లు వస్తారు. సాల్వెంట్ (రసాయన ద్రావకం) ట్యాంకర్ల డ్రైవర్లు, పంపులూ చిల్లర్లూ (చల్లబరిచే యంత్రాలు) బాగుచేసేవాళ్లు, ఆడిటర్లు, ఇంటర్వ్యూకి వచ్చే పిల్లలు, అప్పుడప్పుడు మావాళ్ల ఇంటి మనుషులు.

మార్చిలో ఒకతను చిల్లర్ సర్వీస్ అని వచ్చాడు. చేతిలో టూల్ బ్యాగు, ఒంటి మీద కంపెనీ పేరున్న చొక్కా. ఎవరిని కలవాలి అంటే మెయింటెనెన్స్‌లో ఒకరి పేరు తడుముకోకుండా చెప్పాడు. సరిగ్గా షిఫ్టు మారే టైము, గేటు దగ్గర బస్సులు, జనం. వదిలేశారు. సాయంత్రానికి క్యూసీ (నాణ్యత పరీక్షల) ఆఫీసులో రెండు ల్యాప్‌టాప్‌లు లేవు. ఆ మర్నాడే కొత్త రూల్స్ వచ్చాయి. లోపలి నుంచి ముందుగా మెయిల్ వస్తేనే పాస్. ఫొటో, ఆధార్ జిరాక్స్, బ్యాగు మొత్తం చెకింగ్. మెయిల్ లేనివాళ్లు గేటు బయటే. సెక్యూరిటీ ఏజెన్సీని కూడా మార్చాం.

ఇక అసలు సంగతి. మా ప్రొడక్షన్‌లో ఇరవై ఆరేళ్లు చేసి 2021లో రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. నేను చేరిన కొత్తలో ఒకరోజు సాల్వెంట్ వాసనకి కళ్లు తిరిగితే, నీడలో కూర్చోబెట్టి క్యాంటీన్ నుంచి మజ్జిగ తెప్పించి ఇచ్చిన మనిషి. మే నెలలో ఆయన చిన్నమ్మాయి పెళ్లి శుభలేఖలు ఇవ్వడానికి వచ్చారు. సికింద్రాబాద్ నుంచి 219 బస్సెక్కి, పటాన్‌చెరులో దిగి, షేర్ ఆటోలో మా గేటు దాకా. గార్డు కొత్తవాడు, తెలుగు రాదు. మెయిల్ లేదు, ఆయన దగ్గర ఆధార్ లేదు. గంటంబావు ఎండలో కాంపౌండ్ గోడ పక్కన నిలబడి, ఆ కవర్లు గార్డు చేతికిచ్చి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున రిజిస్టరు చూద్దామని తెరిస్తే లోపల ఏడు శుభలేఖలు ఉన్నాయి. ఆయన చేతిరాత నాకు తెలుసు, బ్యాచ్ షీట్ల మీద ఏళ్ల తరబడి చూశాను. ప్రతి కవరు మీదా పేరు, పేరు పక్కన గారికి. పై కవరు నాదే. కవరు మూలన పెట్టిన పసుపు, రిజిస్టరు పేజీకి అంటుకుంది. ఆ పేజీలోనే ఆయన పేరు రాసి ఉంది. కలవాల్సిన వ్యక్తి అన్న గడిలో ‘అందరూ’ అని రాశారు. లోపలికి వెళ్లిన టైము అన్న గడి ఖాళీగా ఉంది.

వెంటనే ఫోన్ చేశాను. ‘పర్లేదమ్మా, వాళ్ల డ్యూటీ వాళ్లు చేశారు, మీరంతా పెళ్లికి రండి’ అన్నారు. ఇంకో మాట అనలేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

గార్డుని తిట్టలేను. మేం రాసిచ్చిందే చేశాడు. రూల్స్ తీసేయమని మేనేజ్‌మెంట్‌ని అడగలేను, ల్యాప్‌టాప్‌లు పోయిన మాట నిజమే కదా. పెద్ద ఫ్యాక్టరీల్లో, క్యాంపస్‌ల్లో పనిచేసేవాళ్లు మీ దగ్గర ఎలా జరుగుతుందో దయచేసి చెప్పండి.

జవాబు 1: రిటైర్డ్ సీఐఎస్ఎఫ్, విశాఖ

అమ్మా, నేను సీఐఎస్ఎఫ్‌లో, అంటే పరిశ్రమలకి కాపలా కాసే కేంద్ర బలగంలో, 31 ఏళ్లు చేశాను. అందులో చాలా కాలం స్టీల్ ప్లాంటు గేట్లలోనే. మీ బాధ నాకు అర్థమైంది. ముందుగా ఒకటి చెప్పాలి. ఆ పెద్దాయన మనసు కష్టపడింది చెకింగ్ వల్ల కాదు. ఇరవై ఆరేళ్లు రోజూ గేటులో టిఫిన్ బాక్సు తెరిచి చూపించిన మనిషి ఆయన. లోపలున్నవాళ్లకి తను వచ్చిన కబురే అందకపోతే కష్టంగా ఉంటుంది.

మార్చిలో జరిగింది చూడండి. పేరు చెప్పినంత మాత్రాన గుర్తింపు కాదు. ఆ పేరు గల ఉద్యోగి ఫోనెత్తి ‘అవును, నేనే రమ్మన్నాను’ అంటేనే గుర్తింపు. ఆ ఫోన్ కూడా గార్డు దగ్గరున్న మన లిస్టులోని నంబరుకే చేయాలి, వచ్చినవాడు ఇచ్చిన నంబరుకి ఎప్పుడూ చేయకూడదు. ఆ రోజు ఈ ఒక్క ఫోన్ చేసి ఉంటే అతను లోపలికి వచ్చేవాడే కాదు. మీరు దానికి విరుగుడుగా మెయిల్ రూలు పెట్టారు. మెయిల్ లేనివాళ్ల సంగతి ఎవరికి చెప్పాలో మాత్రం రాయలేదు. గార్డుకి మీరిచ్చినవి రెండే మాటలు, ఉంది, లేదు. మూడో మాట ఇవ్వండి: ‘కూర్చోండి సార్, అడిగి చెప్తాను.’ అడగాల్సిన నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. అక్కడ ఎవరూ ఎత్తకపోతే రెండో నంబరు ఎవరిదో కూడా రాయించండి.

ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం 2005లో వచ్చింది. దాని నమూనా రూల్స్ ప్రకారం కొత్త గార్డుకి 100 గంటలు క్లాసులు, 60 గంటలు ఫీల్డు ట్రైనింగ్ ఇవ్వాలి, అదీ కనీసం ఇరవై పనిదినాల్లో. మీ ఏజెన్సీ సర్టిఫికెట్లు తీసి చూడండి. ఇంకో మాట. పన్నెండు గంటలు నిలబడే పిల్లాడికి మధ్యలో రిలీవర్ లేకపోతే నోట్లోంచి మంచి మాట రాదు. వాడికి వేళకి భోజనం అందుతోందా, తాగడానికి చల్లని నీళ్లున్నాయా అని అడగండి.

చెకింగ్ చేసే పద్ధతి కూడా నేర్పించాలి. బ్యాగులో గార్డు చెయ్యి పెట్టకూడదు, వచ్చినవారినే తెరవమనాలి. ఆడవాళ్లని ఆడ గార్డే చూడాలి, అదీ తెర వెనక. పెద్దవాళ్లు వస్తే కుర్చీలోంచి లేవాలి.

రిటైరైనవాళ్లకి పర్మినెంట్ పాస్ ఇద్దామని మీకు అనిపించవచ్చు. వద్దమ్మా. ఆ కార్డు ఒకచోట ఉండదు, పదిమంది చేతులు మారుతుంది. గేటు పక్కనే ఒక గది ఇవ్వండి, లోపలున్నవాళ్లే అక్కడికి వచ్చి కలుస్తారు.

జవాబు 2: ఫ్రంట్ డెస్క్, గచ్చిబౌలి ఐటీ టవర్

మేడమ్, చదువుతుంటే నాకు మా నాన్న గుర్తొచ్చారు.

ఆధార్ జిరాక్స్ గురించి చెప్తాను. మేం రెండేళ్ల క్రితమే ఆపేశాం. ప్రైవేటు సంస్థలు ఆధార్ ధ్రువీకరణ చేసుకోవడానికి వీలిచ్చిన ఆధార్ చట్టం సెక్షన్ 57లోని భాగాన్ని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులోనే కొట్టేసింది. ఇప్పుడు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఉంది. పనికి ఎంత కావాలో అంతే తీసుకోవాలి, పని అయ్యాక తీసేయాలి అన్నది దాని సారం. గేటు దగ్గర మనకి కావాల్సింది ముఖం, కార్డు మీద ఫొటో ఒకటేనా కాదా అన్నదే. ఓటర్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, ఏదైనా సరిపోతుంది. చూసి వెనక్కి ఇచ్చేయడమే. ఆధారే ఇస్తామంటే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలు. మీ క్యాబిన్‌లో జిరాక్సుల కట్ట ఉంటే అది ఏ బీరువాలో ఉంది, తాళం ఎవరి దగ్గర ఉంది, ఈరోజే చూడండి ప్లీజ్.

రిజిస్టరు కూడా అంతే. తెరిచిపెట్టిన పుస్తకంలో మన ముందు వచ్చినవాళ్ల పేరు, ఫోన్ నంబరు అందరికీ కనిపిస్తాయి. నేను ముందు పనిచేసిన చోట ఇంటర్వ్యూకి వచ్చిన ఒక అమ్మాయికి ఆ రాత్రే ఎవరో ఫోన్ చేశారు. రిజిస్టరులో చూసి రాసుకున్న నంబరు. ఆ అమ్మాయి మళ్లీ రాలేదు, జాబ్ వచ్చినా చేరలేదు. అప్పటి నుంచి నేను ఒక్కొక్కరికి ఒక్కో స్లిప్ పెట్టించాను. రాసి పెట్టెలో వేస్తారు.

మా దగ్గర ఇంటర్వ్యూ రోజున రెండు వందల మంది పిల్లలు వస్తారు. ముందురోజే ఫోన్‌కి క్యూఆర్ కోడ్ పంపుతాం, గేటులో స్కాన్ అవగానే వదిలేస్తాం. పిల్లల సంగతి అలా తేలిపోయింది. వాళ్లని తీసుకొచ్చిన అమ్మానాన్నల సంగతి మాత్రం చాలా రోజులు ఎవరికీ పట్టలేదు. కర్నూలు నుంచి రాత్రి బస్సులో కూతురితో వచ్చిన ఒక తండ్రి సాయంత్రం దాకా ఫుట్‌పాత్ మీద, చెప్పులు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. నేను డెస్క్ వదిలి వెళ్లలేక అద్దంలోంచి చూస్తూ ఉండిపోయాను. ఇప్పుడు ఆ రోజుల్లో బేస్‌మెంట్‌లో యాభై కుర్చీలు వేయిస్తున్నాం. టవర్ యాక్సెస్ ఉండదు, తలుపులకి కార్డు రీడర్లు ఉంటాయి కాబట్టి భయమూ లేదు.

జవాబు 3: పంపు సీల్స్ సర్వీస్ ఇంజనీర్

నేను అటువైపు మనిషిని. జీడిమెట్ల, పటాన్‌చెరు, పరవాడ, అచ్యుతాపురం, నెలలో ఇరవై రోజులు ఏదో ఒక గేటు బయట ఉంటాను. అక్కా, చెకింగ్‌కి మాకు కోపం రాదు. సాల్వెంట్లున్న చోట ఫోను, లైటరు తీసుకోవడం మా ప్రాణానికే మంచిది. మా టూల్స్ లిస్టు రాసి సంతకం పెట్టించుకుంటే మాకూ మేలే. బయటికి వచ్చేటప్పుడు ఇది మీదా మాదా అన్న గొడవ ఉండదు. మాకు కావాల్సింది ఒక్క మాట, ఎంతసేపు పడుతుందో చెప్పడం. ‘గంట పడుతుంది’ అంటే వెళ్లి టిఫిన్ చేసి వస్తాను. ఏమీ చెప్పకపోతే కదలడానికి లేదు, కూర్చోవడానికి లేదు.

రెండోది, బాత్రూమ్. ట్యాంకర్ డ్రైవర్లు అన్‌లోడింగ్ నంబరు కోసం ఒక్కోసారి రాత్రంతా గేటు బయట ఉంటారు. చాలా చోట్ల వాళ్లకి బాత్రూమ్ లేదు. ఎవరూ నోరు తెరిచి అడగరు, అందుకే నేను రాస్తున్నాను.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. నిరుడు ఒక ప్లాంటులో సీల్ మారుస్తుంటే సైరన్ మోగింది. లోపలికి వచ్చేటప్పుడే సెక్యూరిటీ ఆయన విండ్‌సాక్ (గాలి వీచే వైపు చూపే గుడ్డ గొట్టం) చూపించి, గాలి ఎటు వీస్తోందో చూసుకుని దానికి అడ్డంగా వెళ్లండి, అందరూ చేరాల్సిన అసెంబ్లీ పాయింట్ అదిగో ఆ వేపచెట్టు దగ్గర అని చెప్పారు. అలాగే వెళ్లాను. మాక్‌డ్రిల్ అని తర్వాత తెలిసింది. అక్కడ సెక్యూరిటీ ఆయన విజిటర్ స్లిప్పులు చేత్తో పట్టుకుని పేర్లు చదువుతున్నారు. నా పేరు పిలిచారు. నేను చెయ్యెత్తాను. 2025 జూన్ 30 నాటి పాశమైలారం ఫార్మా ఫ్యాక్టరీ పేలుడు మనందరికీ గుర్తుంది. లోపల ఎవరెవరున్నారో తేలడానికి రోజులు పట్టింది, డీఎన్‌ఏ పరీక్షల దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆ వేపచెట్టు కింద నా పేరు వినిపించినప్పుడు, గేటులో పది నిమిషాలు ఎందుకు నిలబెట్టారో అర్థమైంది. మీ గార్డులకి ఈ సంగతి చెప్పండి, వచ్చినవాళ్లకీ చెప్పించండి. అప్పుడు స్లిప్ రాయడానికి ఎవరూ విసుక్కోరు.

జవాబు 4: క్యూఏ, ఎక్స్‌పోర్ట్ యూనిట్

ఒక్క విషయం కలుపుతాను. మీ మెయిల్ రూలు రేపు ఇంకో చోట కూడా తగులుతుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ విదేశీ ప్లాంట్లలో చెప్పకుండా చేసే తనిఖీలు పెంచుతామని 2025 మేలో ప్రకటించింది. 2012 నుంచి వాళ్ల చట్టంలో ఉన్నది ఏమిటంటే, సరైన కారణం లేకుండా తనిఖీని ఆలస్యం చేసినా, అడ్డుకున్నా ఆ ప్లాంటు మందుల్ని కల్తీ మందులుగా పరిగణించవచ్చు. ఇన్‌స్పెక్టరు ఎండలో నిలబడి ఉంటే, మెయిల్ రాలేదు అన్న మాట మన తరఫున నిలబడదు. మేం గేటులో ఒక కార్డు పెట్టాం. ప్రభుత్వ అధికారులు వస్తే కార్డు చూసి, కూర్చోబెట్టి, వెంటనే క్యూఏ (నాణ్యత హామీ విభాగం) హెడ్‌కి, ప్లాంట్ హెడ్‌కి ఫోన్. రాత్రి షిఫ్టు గార్డుతో నెలకొకసారి రిహార్సల్ చేయిస్తాం. మేనేజ్‌మెంట్‌కి ఈ పాయింటు ముందు చెప్పండి. పెద్దాయనకి కావాల్సిన కుర్చీ కూడా దాంతోనే సాంక్షన్ అవుతుంది.

ప్రశ్న అడిగినవారి మాట: మూడు వారాల తర్వాత

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. క్యూఏ వారు చెప్పినట్టే మేనేజ్‌మెంట్ దగ్గర ఎఫ్‌డీఏతో మొదలుపెట్టాను. గేటు పక్కన పాత సైకిల్ షెడ్డుని విజిటర్ గదిగా మార్చడానికి ఒప్పుకున్నారు. రెండు ఫ్యాన్లు, నాలుగు బెంచీలు, కుండలో నీళ్లు. ఇంటర్‌కామ్ పెట్టించాం. మొదటి ఫోన్ నాకే, నేను లేకపోతే షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌కి. నంబర్లు హిందీలో, తెలుగులో గోడ మీద రాయించాను. పర్మినెంట్ పాస్ ఆలోచన మానేశాను. జిరాక్సుల కట్ట లెక్కపెడితే రెండు వేలకి పైనే ఉన్నాయి, తాళం లేని డ్రాయరులో. నేను నిలబడి ముక్కలు చేయించాను.

సర్టిఫికెట్లు అడిగితే ఆరుగురిలో నలుగురికే ఉన్నాయి. మిగతా ఇద్దర్ని ఏజెన్సీ ట్రైనింగ్‌కి పంపింది. ఆ రోజు గేటులో ఉన్న అబ్బాయి ఆ ఇద్దరిలో ఒకడు. పంపేముందు పిలిచి, పసుపు అంటిన కవరు చూపించి, ఇది మా దగ్గర ఎందుకు ఇస్తారో చెప్పాను. వాళ్ల ఊళ్లో కూడా పెళ్లి కార్డుకి పసుపు పెడతారట. చాలాసేపు తల వంచుకుని నిలబడ్డాడు. ‘ఫోన్ ఎవరికి చేయాలో నాకు తెలియలేదు మేడమ్’ అన్నాడు. అది నేను చెప్పాల్సింది.

ఏడు కవర్లూ నా చేతుల మీదుగానే ఇచ్చాను. పెళ్లికి నలుగురం వెళ్లాం. వచ్చే శుక్రవారం పెద్దాయన్ని మా క్యాంటీన్‌కి భోజనానికి పిలిచాను. మెయిల్ నేనే పెట్టాను, ఏదైనా ఒక ఫొటో కార్డు తెచ్చుకోమని కూడా చెప్పాను. పటాన్‌చెరు బస్టాప్‌కి మా బండి వెళ్తుంది.

ట్యాంకర్ డ్రైవర్ల బాత్రూమ్ ఇంకా తేలలేదు. ఎస్టిమేట్ వేయించి ఫైలు పైకి పంపాను, సంతకం కావాలి. అయ్యాక ఇక్కడే రాస్తాను.