ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్: విరుపు ఎక్కడ, ఒత్తు ఎక్కడ?

పలకాబలపం: floccinaucinihilipilification, 29 ఇంగ్లీషు అక్షరాల పదం. తెలుగులో రాసుకుని గడగడా చదివితే వచ్చేస్తోంది గానీ ఇంగ్లీషులా వినపడట్లేదు. ఎన్ని సిలబుల్స్?

గణవిభజన: 12. ఫ్లాక్-సి-నా-సి-ని-హి-లి-పి-లి-ఫి-కే-షన్. చిక్కు మన లిపిలోనే ఉంది. ‘ఫ్లాక్సి’ అని రాస్తే మన కన్ను ఫ్లా, క్సి అని విడదీస్తుంది. ఇంగ్లీషులో ఆ ‘క్’ ముందు సిలబుల్‌కి పోతుంది. స్పెల్లింగులో రెండు c ల తర్వాత i వచ్చింది కాబట్టి యాక్సిడెంట్‌లో లాగే ‘క్స’.

ఉన్నిపోగు: అర్థం తెలిస్తే విరుపు అదే దొరుకుతుంది. ఫ్లాక్సి ఉన్నిపోగు, నాసి పనికిమాలిన వస్తువు, నిహిలి శూన్యం, పిలి వెంట్రుక. ఇంగ్లండులోని ఈటన్ బడి లాటిన్ వ్యాకరణంలో ఒకే సూత్రం కింద వరసగా ఉన్న మాటలివి. తోకగా ‘ఫికేషన్’. దేన్నైనా పూచికపుల్లలా తీసిపారేయడమని అర్థం. ఇంగ్లీషు కవి విలియం షెన్‌స్టోన్ 1741లోనే ఉత్తరంలో వాడాడు. (మన ‘నాసిరకం’తో చుట్టరికం లేదు, గుర్తుకి మాత్రం పనికొస్తుంది.)

పలకాబలపం: మరి ఒత్తు (స్ట్రెస్)?

గణవిభజన: అసలు ఒత్తు ‘కే’ మీద. ఫ్లాక్, నా, ని, పి మీద చిన్న ఒత్తులు. గురులఘువులు వేస్తే UI UI III III UU, అంటే రెండు హగణాలు, రెండు నగణాలు, రెండు గురువులు. మనవాళ్లు తప్పేది నగణాల దగ్గర. ని, పి మీద ఒత్తు పడాలి, దీర్ఘం రాకూడదు. ‘నీహిలి పీలి’ అన్నారా, చెడింది. చివరి ‘షన్’ మనకి గురువే గానీ ఇంగ్లీషులో దాన్ని నలిపేస్తారు.

సున్నితపుచెవి: ‘నా’ని మన ‘నా’లా నోరు బార్లా తెరిచి అనకండి. పెదాలు గుండ్రంగా, నా-నోల మధ్య. అమెరికన్ నిఘంటువుల్లో ‘ని’ బదులు ‘నై’ కనిపిస్తుంది. ఏదైనా ఒకటే పట్టుకోండి.

మందులచీటీ: 2021 మేలో కోవిడ్ మందుల పేర్లు నోరు తిరగట్లేదని కేటీఆర్ ట్వీట్ చేస్తే శశి థరూర్ బదులిచ్చింది ఈ మాటతోనే. 😄

కణుపులెక్క: సాధనకి వెనక నుంచి కట్టుకు రండి: కేషన్, ఫికేషన్, పిలిఫికేషన్, నిహిలిపిలిఫికేషన్... వేగం పెరిగితే ఒక ‘లి’ జారిపోతుంది. బొటనవేలితో కణుపులు లెక్కపెట్టండి, వేలికి మూడు. చూపుడువేలికి ఫ్లాక్-సి-నా, నడిమివేలికి సి-ని-హి, ఉంగరపువేలికి లి-పి-లి, చిటికెనవేలికి ఫి-కే-షన్. ఆఖర్న కణుపు మిగిలిందంటే ఉంగరపువేలి దగ్గరే ‘లి’ మింగేసి ఉంటారు.