పూల్ (బల్ల మీద కర్రతో బంతుల్ని గుంతల్లోకి కొట్టే ఆట) చూసేవాళ్లు ఉంటే కాస్త చెప్పండి: ఆటగాడి ఆటను ఎలా అంచనా వేస్తారు?

ఏడాదిగా నైన్‌బాల్ (తొమ్మిది బంతులతో ఆడే పూల్) మ్యాచ్‌లు చూస్తున్నాను. అంతకుముందు స్నూకర్ ఒక్కటే తెలుసు. 2024లో జెడ్డాలో జరిగిన నైన్‌బాల్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో ఫెడోర్ గోర్స్ట్ 15-14తో ఎక్లెంట్ కాచిని ఓడించాడు. ఒక్క ర్యాక్ (అంటే ఒక్క గేమ్) తేడా! ఇలాంటప్పుడు ఎవరు బాగా ఆడారో స్కోరు చూసి ఎలా చెప్పగలం?

ర్యాక్ గెలిచినవాడే మళ్లీ బ్రేక్ (తర్వాతి ర్యాక్‌లో మొదటి షాట్) చేసే పద్ధతిలో రెండోవాడు వరుసగా నాలుగైదు ర్యాక్‌లు కుర్చీలో కూర్చునే ఉంటాడు. పాపం, తప్పు చేయడానికైనా అవకాశం రావాలి కదా. బ్రేక్ మార్చి మార్చి ఇస్తే ఆ బాధ లేదు, కానీ ఊపు మీదున్నవాడి జోరు తగ్గుతుందేమో.

పూల్ గణాంకాలు లెక్కించే అక్యు-స్టాట్స్ వాళ్ల టీపీఏ (ఆటగాడి ఆటకిచ్చే సగటు) లెక్క విన్నాను. గుంతల్లో వేసిన బంతుల్ని, ఆ బంతులకు తప్పులు కలిపిన మొత్తంతో భాగిస్తారు, 0.900 దాటితే చాలా గొప్ప ఆటట. పేపర్, పెన్ను పెట్టుకుని నేనూ ప్రయత్నించాను. ఇరుక్కున్న చోటు నుంచి కొట్టిన కిక్ షాట్ (తెల్లబంతిని ముందు బల్ల అంచుకు కొట్టి ఆడేది) తగలకపోతే దాన్ని తప్పు కింద రాయాలా? మంచి సేఫ్టీకి (ఎదుటివాడికి తేలిక షాట్ దొరకకుండా ఆడే షాట్‌కి) మార్కులెలా?

ఇంకొకటి, యూరప్, అమెరికా జట్లు తలపడే మోస్కోనీ కప్‌లో ముందుగా 5 ర్యాక్‌లు గెలిస్తే అయిపోయే చిన్న మ్యాచ్‌ల్ని బట్టి ఆటగాడిని తూచడం న్యాయమేనంటారా?